కాంతి తరంగమా, కణమా? 10వ పాఠంలో ఒకటి, 11వ పాఠంలో ఇంకొకటి!

మారతహళ్ళి అమ్మ | శనివారం రాత్రి 9:12
అందరికీ నమస్కారం. మా అమ్మాయి సెకండ్ పీయూ (మన ఇంటర్ సెకండియర్). ఫిజిక్స్‌లో 10వ పాఠం నిండా కాంతి తరంగమే అని చెప్పి, 11వ పాఠానికి వచ్చేసరికి కాంతి పొట్లాలుగా వస్తుంది అంటున్నారట. క్లాసులో అడిగితే "రెండూ నిజమే, రాసెయ్యండి" అన్నారట. పిల్లకి మింగుడు పడక నా మీద పడింది. నేను చూస్తే బీకాం. తరంగ సిద్ధాంతం అసలు ఎక్కడ దెబ్బ తింది, ఎందుకు తింది, కాస్త విడమరచి చెబుతారా? మార్కుల కోసం కాదు, అర్థం కావడానికి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | రాత్రి 9:20
ఇదే డౌట్ నాకూ ఇంటర్‌లో వచ్చింది. "ఎంసెట్‌లో రాదు, వదిలెయ్" అన్నారు. వదిలేశాను. ఇప్పుడు కుర్చీ వేసుకుని కూర్చున్నా, చెప్పండి.

రిటైర్డ్ మాస్టారు | రాత్రి 10:05
అమ్మా, తరంగం ఎలా గెలిచిందో తెలిస్తే గానీ ఎందుకు చాలలేదో తెలియదు. అందుకని కొంచెం వెనక్కి వెళ్తాను.

న్యూటన్ కాంతిని సూక్ష్మ కణాల ధార అనుకున్నాడు. ఆయన పేరుకున్న బరువుకి హైగెన్స్ తరంగవాదం వందేళ్ళు మూలన పడింది. 1800 తర్వాత థామస్ యంగ్ వచ్చి, వెలుగుకి వెలుగు తోడైతే కొన్నిచోట్ల చీకటి వస్తుందని చూపించాడు. కణానికి కణం కలిస్తే రెండవుతాయి గానీ సున్నా ఎలా అవుతుంది? 1818లో ఫ్రెనెల్ తన తరంగ లెక్కల్ని పారిస్ అకాడమీ పోటీకి పంపాడు. తీర్పరుల్లో పాయిజాన్ కణవాది. ఆ లెక్కే నిజమైతే గుండ్రటి బిళ్ళ నీడకి సరిగ్గా నడిమధ్యన ఒక వెలుగు చుక్క ఉండాలి, అది అసంబద్ధం కదా అని తప్పు పట్టాడు. అరగో బిళ్ళ పెట్టి చూశాడు. చుక్క ఉంది! 1850లో నీళ్ళలో కాంతి వేగం గాలిలో కన్నా తక్కువని ఫూకో తేల్చాడు. న్యూటన్ లెక్కన ఎక్కువ ఉండాలి. 1865లో మాక్స్‌వెల్ కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగమే అన్నాడు. 1880ల చివర్లో హెర్ట్జ్ ఆ తరంగాల్ని ల్యాబ్‌లో పుట్టించి చూపించాడు. అక్కడికి కేసు క్లోజ్ అనుకున్నారు.

చిక్కు వేడి వస్తువు దగ్గర వచ్చింది. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, తెల్లగా అవుతుంది కదా. ఏ రంగులో ఎంత శక్తి వస్తుందో తరంగ సిద్ధాంతంతో లెక్క కడితే అతినీలలోహితం వైపు వెళ్ళేకొద్దీ శక్తి పెరుగుతూ పోయి అనంతం అవుతుంది. దీన్నే అతినీలలోహిత విపత్తు అంటారు. దాన్ని తప్పించడానికి 1900లో ప్లాంక్ శక్తిని ముక్కలు ముక్కలుగా తీసుకున్నాడు. క్వాంటం అలా పుట్టింది.

పాత పుస్తకాల పిచ్చి | రాత్రి 10:31
మాస్టారూ, చివరి పేరాలో చిన్న పేచీ. ప్లాంక్ ఆ విపత్తును తప్పించడానికి బయల్దేరలేదు. ఆ పేరు పెట్టిందే 1911లో, ఎహ్రన్‌ఫెస్ట్. 1900లో ప్లాంక్‌ని ఇబ్బంది పెట్టింది దానికి పూర్తిగా అవతలి కొస.

వేడి వస్తువు ఏ రంగులో ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే వీన్ సూత్రం అప్పటికి ఒకటుంది, 1896 నాటిది. కంటికి కనిపించే కాంతి దగ్గర చక్కగా సరిపోయేది. బెర్లిన్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలకి ఈ వెలుగు కొలతలు ఎందుకంటే, గ్యాస్ దీపాలు మంచివా కరెంటు దీపాలు మంచివా అని పోల్చడానికి ఒక ప్రమాణం కావాలి. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ళు చేసే పని లాంటిదే. అక్కడ రూబెన్స్, కుర్ల్‌బామ్ అనే ఇద్దరు 51 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా, అంటే ఇన్‌ఫ్రారెడ్ లోలోపలికి వెళ్ళి కొలిచారు. అక్కడ వీన్ సూత్రం తప్పింది. 1900 అక్టోబర్ 7, ఆదివారం. రూబెన్స్ భార్యతో కలిసి ప్లాంక్ ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్పాడు. వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే ప్లాంక్ కొత్త సూత్రం ఊహించి రాసేశాడు! 19న బయటపెట్టాడు. అది ఎందుకు పనిచేస్తోందో చెప్పడానికి రెండు నెలలు తంటాలు పడి డిసెంబర్ 14న శక్తి ముక్కల లెక్క చూపించాడు. ఆ ముక్కలు కూడా కాంతివి కావు. వేడి వస్తువు గోడల్లో కంపించే సూక్ష్మమైన డోలకాలవి. కాంతి మాత్రం ఆయన దృష్టిలో ఇంకా మాక్స్‌వెల్ తరంగమే.

రిటైర్డ్ మాస్టారు | రాత్రి 10:48
చరిత్ర మీరు చెప్పినట్టే జరిగింది, కాదనను. కానీ నలభై నిమిషాల పీరియడ్‌లో పిల్లలకి ఎక్కేది విపత్తు కథే. వచ్చిన వరసలో కాకుండా అర్థమయ్యే వరసలో చెప్పడం ఉపాధ్యాయుడి హక్కు.

పాత పుస్తకాల పిచ్చి | రాత్రి 10:52
హక్కే సార్. ఆ వరసలో చెప్పినందువల్లే పిల్లలు తరంగం ఒక్క రోజులో కూలిపోయింది అనుకుంటున్నారు. పాతికేళ్ళు పట్టింది.

చీకటి గది | రాత్రి 11:15
నేను ఇక్కడే ఒక ఆప్టిక్స్ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ముక్కలు చేస్తే అనంతం ఎలా ఆగిందో ఎవరూ చెప్పలేదు, అదే అసలు కిటుకు.

గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో కంపనానికి వేడి వల్ల సగటున దక్కే శక్తి 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు (ఎలక్ట్రాన్ల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలమానం). పాత సిద్ధాంతంలో ఏ ఫ్రీక్వెన్సీ అయినా సరే, ఈ వాటా దక్కాల్సిందే. ఫ్రీక్వెన్సీలకి అంతు లేదు కాబట్టి మొత్తం అనంతం. ప్లాంక్ లెక్కలో మాత్రం ఆ ఫ్రీక్వెన్సీకి తగిన కనీస ముక్క ఒకేసారి దొరకాలి, లేదా ఏమీ దక్కదు. ఎర్ర కాంతికి ఆ ముక్క దాదాపు 2 ఎలక్ట్రాన్ వోల్టులు. చేతిలో 0.025 పెట్టుకుని 2 కొనలేం. ఎనభై రెట్లు తేడా. అందుకే చీకటి గదిలో మన ఒళ్ళు ఎర్రగా మెరవదు.

ఇన్‌ఫ్రారెడ్‌లో ముక్క చిన్నది కాబట్టి అక్కడ మెరుస్తాం. 37 డిగ్రీల ఒంటికి వెలుగు ఎక్కువగా వచ్చేది 9.3 మైక్రాన్ల దగ్గర. కోవిడ్ టైములో మాల్ గేటు దగ్గర నుదుటికి పెట్టిన థర్మామీటర్ గన్ చూసింది ఆ వెలుగునే. దాని చిప్‌లో ఉన్నది ప్లాంక్ సూత్రమే.

నెల్లూరు టు హెబ్బాళ | ఆదివారం ఉదయం 7:40
నేను యాంటెన్నాలు డిజైన్ చేస్తాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్కసారీ ఫోటాన్ (కాంతి ముక్క) అవసరం పడలేదు. మాక్స్‌వెల్ సమీకరణాలు రాస్తాం, యాంటెన్నా పనిచేస్తుంది. "తరంగ సిద్ధాంతం ఓడింది" అనడం నాకు నచ్చలేదు. మీరందరూ ఈ మెసేజులు చదువుతున్నది కూడా తరంగాల పుణ్యమే.

చీకటి గది | ఉదయం 8:25
అన్నా, మీ ఫ్రీక్వెన్సీలో అవసరం పడదు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు. గది వేడి దానికి రెండున్నర వేల రెట్లు ఉంటుంది. 100 మిల్లీవాట్ల రౌటర్ సెకనుకి 6×10²² ఫోటాన్లు చిమ్ముతుంది. అన్ని ఉన్నప్పుడు ఒక్కొక్కటీ ఎవరికి కనిపిస్తుంది? అదే ఎక్స్‌రేకి వెళ్ళండి, ఒక్క ఫోటాన్ వేల ఎలక్ట్రాన్ వోల్టులు. అక్కడ లెక్కపెట్టకుండా కుదరదు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | ఉదయం 9:02
సరే, కాంతి పడితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఊడివచ్చే ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ సంగతేంటి? ఐన్‌స్టీన్‌కి నోబెల్ వచ్చింది దానికే కదా.

రిటైర్డ్ మాస్టారు | ఉదయం 9:30
చిత్రం ఏమిటంటే దాన్ని మొదట చూసింది హెర్ట్జే, 1887లో. తరంగాల్ని నిరూపించే ప్రయోగంలోనే! అతినీలలోహిత కాంతి పడితే అవతలి లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వ తేలిగ్గా దూకుతోందని గమనించి రాసి పెట్టాడు. 1902లో లెనార్డ్ కొలిస్తే విడ్డూరం బయటపడింది. కాంతి తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతోంది గానీ ఒక్కోదాని శక్తి పెరగడం లేదు. శక్తి కాంతి రంగును బట్టి మారుతోంది.

బియ్యం బస్తా అటక మీదకి ఎక్కించాలనుకోండి. బలమైన మనిషి ఒక్కడు వస్తే ఎక్కిస్తాడు. చిన్న పిల్లలు వంద మంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎత్తబోతే బస్తా కదలదు. సోడియంలోంచి ఎలక్ట్రాన్ బయటికి రావాలంటే 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఎర్ర కాంతి ఫోటాన్ 1.9. ఎంత మంది వచ్చినా లాభం లేదు. 450 నానోమీటర్ల నీలి కాంతి ఫోటాన్ 2.75. ఒక్కటి చాలు, మిగిలిన 0.45తో ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది.

కాలం సంగతి కూడా చూడండి. చదరపు మీటరుకి ఒక మైక్రోవాటు పడే మసక వెలుతురు సోడియం మీద పడుతోంది. కాంతి తరంగమై సమానంగా పరుచుకుంటే, ఒక ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లవ వంతు) పొడవు వెడల్పు ఉన్న పరమాణువంత చోట 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు పోగవడానికి ఏడాది దాటుతుంది. నిజంగా చూస్తే నానోసెకను కూడా ఆలస్యం లేదు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | ఉదయం 11:10
మాస్టారి మాట విని మా వాడి గది సీలింగ్‌కి అతికించిన రేడియం నక్షత్రాల మీద ప్రయోగం చేశా. కర్టెన్లు మూసి, అవి పూర్తిగా ఆరిపోయాక ఒకదాని మీద ఆఫీసు ప్రెజెంటేషన్ రెడ్ లేజర్ చాలాసేపు పట్టుకున్నా. ఏమీ లేదు. పక్కదాని మీద ఫోన్ టార్చ్ అలా చూపించి తీసేశా, పచ్చగా మెరిసింది. లేజర్ చుక్క కంటికి ఎంత గట్టిగా ఉంటుందో తెలుసు కదా. మా వాడు నా చేతిలోంచి లేజర్ లాక్కున్నాడు, ప్రయోగం సమాప్తం.

చీకటి గది | ఉదయం 11:34
మంచి పని చేశారు. లేజర్ కళ్ళ వైపు మాత్రం పోనివ్వకండి. ఫోన్ టార్చ్ తెల్లగా కనిపించినా లోపల ఉన్నది 450 నానోమీటర్ల నీలి ఎల్ఈడీ, పైన పసుపు పూత. మీ స్టిక్కర్‌ని లేపింది ఆ నీలం. రెడ్ లేజర్ ఒక మిల్లీవాటుదైనా సెకనుకి 33 కోట్ల కోట్ల ఫోటాన్లు పంపుతుంది. అన్నీ బలం చాలని చిన్న పిల్లలే.

మాస్టారి బస్తాకి ఒక తోక తగిలించాలి. ఇద్దరు పిల్లలు ఒకే క్షణంలో చెయ్యి వేస్తే? అదీ జరుగుతుంది. రెండు ఫోటాన్లు ఒకేసారి మింగుడు పడతాయని మరియా గోపెర్ట్ 1931లో లెక్క కట్టింది. లేజర్ వచ్చాక 1961లో చూశారు. మామూలు వెలుతురులో ఆ కలయిక అసాధ్యమన్నంత అరుదు.

ఇక అసలు బాంబు. ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ ఒక్కటే ఫోటాన్‌ని నిరూపించదు! లోహంలోని ఎలక్ట్రాన్‌ని క్వాంటం పద్ధతిలో తీసుకుని, కాంతిని పాత తరంగంగానే ఉంచి లెక్క కట్టినా కనీస ఫ్రీక్వెన్సీ వస్తుంది, ఫ్రీక్వెన్సీతో పాటు ఎలక్ట్రాన్ శక్తి పెరిగే ఐన్‌స్టీన్ సరళరేఖా వస్తుంది. ల్యాంబ్, స్కల్లీ 1960ల చివర్లో ఇది రాశారు. నక్షత్రాల స్టిక్కర్‌కీ అదే వర్తిస్తుంది.

నెల్లూరు టు హెబ్బాళ | ఉదయం 11:41
హమ్మయ్య. నేను చెప్పలా?

పాత పుస్తకాల పిచ్చి | మధ్యాహ్నం 1:15
తొందరపడకండి సార్, కానీ మీకు పెద్ద పెద్ద వాళ్ళ తోడు ఉంది. 1905లో ఐన్‌స్టీన్ కాంతే ముక్కలుగా ప్రయాణిస్తుంది అంటే దాదాపు ఎవరూ నమ్మలేదు. 1913లో ఆయన్ని ప్రష్యన్ అకాడమీలోకి తీసుకోమని ప్లాంక్ బృందం రాసిన సిఫార్సులోనే, కాంతి క్వాంటాల విషయంలో గురి తప్పి ఉండొచ్చు, దాన్ని పెద్దగా పట్టించుకోవద్దు అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది.

మిలికాన్ అయితే ఐన్‌స్టీన్ తప్పని తేల్చడానికే ఏళ్ళు ఖర్చు పెట్టాడు. సోడియం గాలి తగిలితే క్షణాల్లో పాడవుతుంది. అందుకని గాజు గొట్టంలో శూన్యం చేసి, లోపల ఒక చిన్న కత్తి పెట్టి, బయటి నుంచి అయస్కాంతంతో దాన్ని నడిపి లోహం పై పొరని చెక్కేవాడు. అప్పటికప్పుడు చెక్కిన తాజా ముఖం మీద కాంతి పడాలి. శూన్యంలో వడ్రంగం! ఇంత చేసి 1916లో అచ్చు వేస్తే ఐన్‌స్టీన్ గీత మీద చుక్కలన్నీ కూర్చున్నాయి. ప్లాంక్ స్థిరాంకం (ఫోటాన్ శక్తికీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న నిష్పత్తి) కూడా అర శాతం లోపు తేడాతో వచ్చింది. అయినా సూత్రం ఒప్పు గానీ దాని వెనక కాంతి క్వాంటాల ఊహ నిలబడదు అనే రాశాడు. ఐన్‌స్టీన్ 1921 నోబెల్ ప్రశంసలో కూడా ఉన్నది సూత్రం పేరే, క్వాంటాలు లేవు.

మలుపు 1923లో కాంప్టన్‌తో వచ్చింది. ఎక్స్‌రేల్ని గ్రాఫైట్ మీద కొడితే 90 డిగ్రీల పక్కకి చెదిరిన కిరణం తరంగదైర్ఘ్యం 0.024 ఆంగ్‌స్ట్రామ్ పెరిగింది. పాత తరంగమైతే ఏ ఫ్రీక్వెన్సీలో వచ్చిందో అదే ఫ్రీక్వెన్సీలో చెదరాలి. ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని గుద్దుకుని కొంత శక్తి పోగొట్టుకుంది అని క్యారమ్స్ లెక్క వేస్తే ఆ అంకె సరిగ్గా వస్తుంది. అప్పటికీ బోర్ ఒప్పుకోలేదు. శక్తి నిత్యత్వం ఒక్కో ఘటనలో కాదు, సగటున మాత్రమే నిజం అని 1924లో ఇద్దరు సహచరులతో ప్రతిపాదించాడు. ఫోటాన్‌ని ఒప్పుకోవడం కన్నా శక్తి నిత్యత్వాన్ని వదులుకోవడం నయం అనిపించిందంటే చూడండి! 1925లో బోటే, గైగర్ రెండు కౌంటర్లు పెట్టి, ఎలక్ట్రాన్ దూకడం, ఎక్స్‌రే చెదరడం ఒకే సమయంలో జరుగుతున్నాయని చూపించాక ఆ వాదం ముగిసింది.

మారతహళ్ళి అమ్మ | మధ్యాహ్నం 2:50
ఇద్దరం కూర్చుని చదువుతున్నాం. అమ్మాయి అడుగుతోంది: రామన్ ఎఫెక్ట్ తరంగం లెక్కా, ఫోటాన్ లెక్కా? వాళ్ళ కాలేజీ బస్సు రోజూ సదాశివనగర్ మీదుగా, రామన్ ఇన్‌స్టిట్యూట్ పక్క నుంచే వెళ్తుందట.

చీకటి గది | సాయంత్రం 4:05
చాలా మంచి ప్రశ్న. ప్రయోగం జరిగింది కలకత్తాలో, 1928 ఫిబ్రవరి. రామన్ బెంగళూరు ఐఐఎస్సీకి వచ్చింది 1933లో, మీరు చెబుతున్న ఇన్‌స్టిట్యూట్ పెట్టింది 1948లో.

బెంజీన్ తీసుకోండి. పాదరసం దీపం 435.8 నానోమీటర్ల నీలి గీతని దాని మీద వేస్తే చెదిరిన కాంతిలో ఎక్కువ భాగం అదే రంగు. కానీ 455.5 దగ్గర ఒక సన్నటి కొత్త గీత వస్తుంది. బెంజీన్ వలయం ఊపిరి పీల్చి వదిలినట్టు కంపించడానికి అంత శక్తి పోయిందన్నమాట. "కంపించే అణువు మీద తరంగం పడితే అటూ ఇటూ కొత్త ఫ్రీక్వెన్సీలు రావడం మాకు రేడియోలో మామూలే" అని హెబ్బాళ అన్న అంటారు. నిజమే, పాత తరంగ లెక్క కూడా గీతల్ని ఇస్తుంది. కానీ రెండు పక్కలా దాదాపు సమానంగా ఇవ్వాలి. ల్యాబ్‌లో చూస్తే శక్తి పెరిగిన వైపు గీత, తగ్గిన వైపు గీతలో నూటికి ఒకటి మాత్రమే! ఎందుకంటే ఫోటాన్‌కి శక్తి ఇవ్వాలంటే అణువు ముందే కంపిస్తూ ఉండాలి. గది వేడిలో అలాంటివి నూటికి ఒక్కటి కూడా ఉండవు. ఈ అసమానత క్వాంటం సంతకం. సంతకం అణువుదే, కాంతిది కాదు అని హెబ్బాళ అన్న మళ్ళీ పేచీ పెట్టొచ్చు, అదీ సబబే.

పాత పుస్తకాల పిచ్చి | సాయంత్రం 4:30
ఇక్కడ మనవాడి పేరు చెప్పకపోతే పాపం. కృష్ణా జిల్లా వాడు సూరి భగవంతం, రామన్ దగ్గర చేరి 1931లో ఆయనతో కలిసి ఫోటాన్‌కి స్పిన్ (తనలో తాను తిరుగుతున్నట్టుండే గుణం) ఉందని ప్రయోగంతో చూపిస్తూ పేపర్ రాశారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ, 1957 నుంచి 1962 దాకా ఇదే ఐఐఎస్సీ డైరెక్టర్. మా అపార్ట్‌మెంట్‌లో ఇంతమంది తెలుగు ఇంజనీర్లు ఉన్నారు, పేరు విన్నవాళ్ళు ఒక్కరు లేరు.

నెల్లూరు టు హెబ్బాళ | సాయంత్రం 5:10
సరే, తరంగంతో ఏ దారిలో వెళ్ళినా వివరించలేని ప్రయోగం ఒక్కటి చూపించండి. అప్పుడు ఒప్పుకుంటా.

చీకటి గది | సాయంత్రం 6:20
ఉంది. అందుకోసం 1977 దాకా ఆగాలి.

సగం కాంతిని నేరుగా పంపి సగం పక్కకి తిప్పే అద్దం ఉంటుంది. రెండు దారుల చివర రెండు డిటెక్టర్లు పెట్టండి. తరంగమైతే ఎంత బలహీనమైనదైనా రెండుగా చీలుతుంది. కాబట్టి అప్పుడప్పుడు రెండూ ఒకేసారి మోగక తప్పదు, అలా కలిసి మోగడం ఒక కనీస స్థాయి కన్నా తగ్గడానికి వీల్లేదు. ఫోటాన్ ఒక్కటే వస్తే ఎప్పుడూ ఒకటే మోగాలి. దీపాన్ని మసక చేసినంత మాత్రాన ఒక్కొక్క ఫోటాన్ రాదు. 1909లో జి.ఐ. టేలర్ అతి మసక వెలుతురులో మూడు నెలల పాటు ఫోటో తీసి తరంగం ఇచ్చే వెలుగు చీకటి చారలు చెక్కు చెదరలేదని చూపించాడు గానీ, అది ఈ ప్రశ్నకి జవాబు కాదు. 1977లో కింబుల్, డాజనే, మాండెల్ విడి విడి పరమాణువులు వదిలే వెలుగులో పాత తరంగానికి సాధ్యం కాని ప్రవర్తన చూశారు. 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే నిజంగా ఒక్కొక్క ఫోటాన్ తెచ్చి ఆ అద్దం మీద వేశారు. రెండు డిటెక్టర్లు కలిసి మోగడం తరంగం చెప్పిన కనీసం కన్నా బాగా కిందకి పడిపోయింది.

ఆ తర్వాత చేసినది నాకు ఇంకా ఇష్టం. అవే ఫోటాన్లు, అదే అద్దం. డిటెక్టర్లు తీసేసి రెండు దారుల్నీ రెండో అద్దం దగ్గర కలిపారు. చారలు వచ్చాయి, 98 శాతం పైగా స్పష్టతతో. అంటే యంగ్ చెప్పింది పోలేదు. దారులు కలిసినప్పుడు కూడేది తరంగంగానే, డిటెక్టర్‌లో పడేది మాత్రం ఒక్క ముక్కగానే. మాక్స్‌వెల్ సమీకరణాల్ని పారేయలేదన్నా, 1927లో డిరాక్ వాటినే క్వాంటం పద్ధతిలో తిరగరాశాడు.

నెల్లూరు టు హెబ్బాళ | సాయంత్రం 6:55
1986 అంటే మా కాలేజీ పుస్తకం అచ్చయిన తర్వాత. ఇది బాగుంది, ఒప్పుకున్నా. సోమవారం నుంచి మళ్ళీ మాక్స్‌వెల్.

మారతహళ్ళి అమ్మ | తర్వాతి శనివారం సాయంత్రం 5:30
అందరికీ థాంక్స్. చీకటి గది గారు మెసేజ్ చేసి చెప్పినట్టు ఎస్పీ రోడ్డుకి వెళ్ళి ఎల్ఈడీలు, పొటెన్షియోమీటర్, మల్టీమీటర్ తెచ్చాం. గదిలో లైట్లు ఆర్పి, నల్ల కాగితం గొట్టంలోంచి చూస్తూ, ఎల్ఈడీ కొద్దిగా వెలగడం మొదలైనప్పుడు వోల్టేజీ రాసుకుంది. 640 నానోమీటర్ల ఎరుపు 1.75 వోల్టులు, 470 నీలం 2.50. వోల్టేజీల తేడాని ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణించి, ఫ్రీక్వెన్సీల తేడాతో భాగిస్తే ప్లాంక్ స్థిరాంకం 7.1×10⁻³⁴ వచ్చింది. పుస్తకంలో 6.63. ఎక్కడ తేడా అంటోంది.

రిటైర్డ్ మాస్టారు | సాయంత్రం 6:02
భేష్! ఇంట్లో కూర్చుని ఏడు శాతం తేడాతోనా? మా రోజుల్లో ప్రాక్టికల్ రికార్డులో ఇంతకన్నా దగ్గరగా వస్తే కాపీ కొట్టాడని అనుమానించేవాళ్ళం.

చీకటి గది | సాయంత్రం 6:40
తేడా రెండు చోట్ల. ఎల్ఈడీ ఒకే తరంగదైర్ఘ్యం ఇవ్వదు, అటూ ఇటూ ఇరవై ముప్పై నానోమీటర్లు పరుచుకుంటుంది. పైగా "వెలగడం మొదలైంది" అని చెప్పేది కన్ను, దానికి అన్ని రంగులూ ఒకేలా కనిపించవు. రెండు చుక్కలతో గీత గీస్తే ఏ ఒక్కటి కదిలినా వాలు మారిపోతుంది. పసుపు, ఆకుపచ్చ కూడా కలిపి గ్రాఫ్ వేయమనండి. కుదిరితే టీవీ రిమోట్‌లో వాడే 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ ఒకటి తెచ్చుకోండి, అది ఒక వోల్టు దాటాక మొదలవుతుంది. కంటికి కనిపించదు కాబట్టి ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడాలి. వెనక కెమెరాల్లో చాలావాటికి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ ఉంటుంది, దాంట్లో వెతికి టైమ్ వేస్ట్ చేసుకోవద్దని చెప్పండి.